అద్దం లోపలి ఆవిరి

మూల కలవలేదు, అదీ సంగతి. ఎవరు బిగించారో గానీ పైకప్పు చట్రాన్ని సరిగ్గా కొయ్యకుండానే బిగించేశారు, అందుకే ఆ సందులోంచి చీకటి ధారగా కారుతోంది, దించాలి, మొత్తం దించి మళ్లీ కొయ్యాలి, ఇంతమంది తెల్లబట్టలేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నారే, ఒక్కరి చేతిలోనైనా రంపం లేదు. నిచ్చెన తెమ్మని చెప్పింది. ఎవరూ తేలేదు. మంచం పక్కన నిలబడి ఎవరో చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి తెలిసినదే. మొహం మాత్రం ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టుంది.

"అమ్మా, నేనమ్మా."

"నువ్వెవరైతే నాకేం? నిచ్చెన తెచ్చావా?"

"నిచ్చెనెందుకమ్మా? ఆస్పత్రిలో ఉన్నావు. తుంటి విరిగితే ఆపరేషన్ చేశారు. పడుకో."

ఆస్పత్రట. అబద్ధాన్ని ఎంత మెత్తగా చెబుతున్నాడో! నడుము తడుముకుంది. సంచీ లేదు. సంచీలో ఉండాల్సిన కట్టరు లేదు. గాజు కోసే కట్టరు లేకుండా ఇంత పెద్ద పని ఎలా అవుతుంది? అప్పుడు కనిపించింది, మంచం కాళ్ల దగ్గర, చేతులు వెనక పెట్టుకుని నిలబడ్డ ఆడమనిషి. ఆ నిలబడే తీరు బాగా తెలుసు. చేతులు వెనకెందుకు పెట్టుకుంది?

"దొంగ," అంది. "నా కట్టరు ఇదే తీసింది. చేతులు చూడండి దాని చేతులు. దొంగ!"

ఆ గొంతు వార్డంతా వినిపించింది. మంచాల మీది తలలన్నీ ఇటు తిరిగాయి. ఆ ఆడమనిషి చేతులు మెల్లగా ముందుకు తెచ్చి చూపించింది. ఒక చేతిలో నీళ్ల సీసా ఉంది, రెండో చేతిలో దువ్వెన.

ఒక పొద్దున్న కళ్లు తెరిస్తే మూల కలిసే ఉంది. అక్కడ కనిపించింది చీకటి కాదు, చెమ్మ మరక. దాని కింద గోడ గడియారం. గడియారం కింద కుర్చీలో, గడ్డం మాసిన కొడుకు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వీధిలో అందరూ పటాలావిడ అని పిలిచే ఆమె, ఏళ్ల తరబడి జనం బొమ్మలకీ ఫోటోలకీ పటాలు కట్టిన ఆమె, వాటన్నిటినీ ఒక్కొక్కటిగా చూసుకుంది. కాలు బరువుగా, సలుపుతూ ఉంది. ఆ సలుపు కూడా హాయిగానే తోచింది. ఉండాల్సిన చోటే ఉంది కదా.

"ఒరేయ్," అంది. "నోట్లోకి ఈగ దూరుతుంది."

అతను ఉలిక్కిపడి లేచాడు. దగ్గరకొచ్చి, వంగి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా, "నేనెవర్నమ్మా?" అన్నాడు.

"నీకు తెలీక నన్నడుగుతున్నావా? వెళ్లి గడ్డం గీక్కో ముందు. వీళ్లు నిన్ను కూడా మంచమెక్కించేట్టున్నారు."

అతను నవ్వాడు. నవ్వబోయే ముందు మాత్రం ఒకసారి పక్క మంచం దగ్గర కూర్చున్నావిడ వైపు చూశాడు. అత్తగారికి తోడుగా ఆ వార్డులో చాన్నాళ్లుగా ఉంటున్న మనిషి ఆవిడ, అక్కడి జబ్బులన్నీ తన పెరట్లోనే కాసినట్టు మాట్లాడుతుంది.

"అలాగే ఉంటుంది బాబూ," అంది ఆవిడ, గొంతు తగ్గించినట్టే తగ్గించి. "ఓ పూట బంగారంలా మాట్లాడతారు. మా అత్తగారికీ ఇలాగే మొదలైంది. డిమెన్షియా. ఇప్పుడు నన్ను పనిమనిషి అనుకుంటోంది. అందులో తప్పేం లేదులెండి."

"డాక్టరమ్మ వేరే పేరేదో చెప్పిందండీ. డెలీరియం అని."

"అన్నీ ఒకటే నాయనా. ఒక్కసారే చెబితే గుండె ఆగిపోతుందని, విడతలు విడతలుగా చెబుతారు వీళ్లు."

అతను మళ్లీ తల్లి వైపు తిరిగినప్పుడు, ఆ మాట అతని మొహంలోకి చేరిపోవడం పటాలావిడ చూసింది. ఫోటో వెనక అట్ట పెట్టి మేకులు కొట్టేసినట్టు, ఇక అది కదలదు.

తర్వాత కోడలు వచ్చింది. మాట్లాడకుండా తల దువ్వసాగింది. దువ్వెన నెత్తికి తగలగానే పటాలావిడకి నోట్లో ఏదో చేదు తిరిగింది. తను ఒక మాట అంది. ఈ దువ్వెన పట్టుకున్న మనిషినే అంది. ఆ మాట ఏమిటో వెతుక్కోనక్కర్లేకపోయింది, అది నాలుక కిందే ఉంది.

"ఏవేవో వాగినట్టున్నాను," అంది.

"ఏం లేదత్తయ్యా."

"నిన్నేమైనా..."

"అలాగే అత్తయ్యా. పడుకోండి," అంది కోడలు. అలాగే అనడానికి అక్కడ ప్రశ్నే పూర్తి కాలేదు.

ఇంటికొచ్చాక ఆ 'అలాగే' తోటే కాపురం మొదలైంది.

ముందు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. నాలుగు కాళ్ల ఊతచట్రం పట్టుకుని, దాన్ని ముందుకి జరిపి, తర్వాత మంచి కాలు, తర్వాత చెడ్డ కాలు వేస్తూ ఆమె పొద్దున్నే కొట్టులోకి చేరేది. పొడుగాటి బల్ల ఎక్కడిదక్కడే ఉంది. జిగురు డబ్బా, సన్న మేకుల గిన్నె, చెక్కని ఏటవాలుగా కోసే గాడిపెట్టె, గోడకి ఆనించిన చట్రం బద్దలు అన్నీ ఉన్నాయి. కిరసనాయిలు సీసా పక్కన, పని వేళ కట్టరు పెట్టుకునే చోటు ఖాళీగా ఉంది. వంటింట్లో కూరలు తరిగే కత్తి కూడా లేదు. అగ్గిపెట్టె అటక మీదికెక్కింది. ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆమె అడగలేదు. మన వస్తువులు మన నుంచి దాక్కున్నప్పుడు, అవి ఎక్కడున్నాయని అడగడానికి నోరు రాదు.

కొడుకు పనికి వెళ్లేముందు రోజూ వచ్చి కూర్చునేవాడు.

"ఇవాళ ఏ వారమమ్మా?"

"నీకు సెలవు లేని వారం. ఆలస్యమవుతోంది, పో."

"అది కాదమ్మా, సరిగ్గా చెప్పు."

ఒకరోజు నిజంగానే తట్టలేదు. మంచాన పడ్డ మనిషికి వారాలన్నీ ఒక్కటే. ఆ చిన్న ఆలస్యంలో కొడుకు కళ్లు కోడలి కళ్లని వెతుక్కోవడం ఆమె చూసింది. బుధవారం అని నోటికి వచ్చేసరికి అది జవాబులా లేదు, బతిమాలినట్టుంది.

అన్నిటికంటే వింత ఏమిటంటే, ఇంట్లో తనతో ఎవరూ పోట్లాడడం లేదు. కోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టింది మొదలు వాళ్లిద్దరికీ పడని సంగతి లేదు. లేత పచ్చ అట్టకి నల్ల చట్రమా, చెక్క రంగు చట్రమా అన్న దాని మీద ఒకసారి పూటంతా అలిగి కూర్చున్నారు. "మీ కాలం అయిపోయిందత్తయ్యా" అనేది కోడలు. "నీ కాలం ఇంకా రాలేదులే" అనేది తను. ఆ మాటలు ఇప్పుడేమయ్యాయి?

పరీక్షించాలనిపించింది. ఎవరో ఒక ముసలాయన ఫోటో ఇచ్చి వెళ్లారు, మసిబొగ్గు రంగులో, గంభీరంగా ఉంది. "దీనికి ఆ పూలపూల బంగారు చట్రం వెయ్యి," అంది పటాలావిడ. వేస్తే ఆ ముసలాయన పెళ్లిపందిట్లో తప్పిపోయినవాడిలా ఉంటాడు. అది కోడలికి తెలుసు.

కోడలు ఒక క్షణం బంగారు చట్రం వైపు చూసింది. పెదవి విప్పింది. మూసింది.

"అలాగే అత్తయ్యా."

వెనక్కి తిరిగాక ఆమె నల్ల చట్రం బద్దే తీసి కొలుచుకోవడం అద్దాల్లో కనిపించింది. కోపమొస్తే అరవచ్చు. కానీ ఇప్పుడు అరుపు కూడా జబ్బు కిందే జమవుతుంది. నవ్వు ఎక్కువైనా అంతే, ఏడుపు ఎక్కువైనా అంతే. ఇంతకాలం తను ఆలోచించకుండా ఉపయోగించిన తన మనసుని, ఇప్పుడు నిండు గిన్నెలా రెండు చేతులతో పట్టుకుని నడవాల్సి వస్తోంది.

మర్నాడు కొడుకుని నేరుగా అడిగింది. "నా కట్టరు ఏదిరా?"

మొగుడూ పెళ్లాం మొహమొహాలు చూసుకున్నారు. చివరికి అతను లోపలికి వెళ్లి తెచ్చాడు. "చిన్న ముక్క మీద కొయ్యమ్మా, చూద్దాం," అన్నాడు. చూద్దాం అన్న మాట ప్రకారం ఇద్దరూ బల్లకి చెరోవైపు నిలబడ్డారు. ఆమె గాజు ముక్క పరిచి, స్కేలు ఆనించి, కట్టరు చక్రాన్ని కిరసనాయిల్లో ముంచింది. గాజు మీద గీత ఒక్కసారే పడాలి. మొదటి అంచు నుంచి చివరి అంచు దాకా ఆగకుండా, ఒకే ఒత్తిడితో, సర్రుమని ఒకే చప్పుడుతో. అది చేతికి తెలుసు. కానీ సగం దాకా వచ్చేసరికి, కొడుకు ఊపిరి బిగబట్టడం వినిపించింది. చెయ్యి ఆగింది. ఆగిన చోట గీత సరిగ్గా పడిందో లేదోనని వెనక్కి తెచ్చి మళ్లీ గీసింది. గీత మీద గీత పడకూడదని, పడితే గాజు మాట వినదని ఈ కొట్టులో నిన్నగాక మొన్న చేరినవాళ్లకి కూడా తెలుస్తుంది. విరిచేసరికి పగులు పక్కకి మెలికలు తిరిగి పరుగెత్తింది.

"పర్లేదమ్మా, పర్లేదు," అన్నాడు కొడుకు. పిల్లల చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు కట్టరు తీసుకున్నాడు. కోడలు గాజు పెంకులు గబగబా ఊడ్చేసింది. వెనక గదిలోకి పోయి కొడుకు ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు: "ఫోన్ కవర్ల కొట్టుకి గది కావాలన్నారుగా, ఈ ముందుది ఖాళీ అవుతుంది. వచ్చి చూసుకోండి. అవునండీ, అమ్మ ఇక చెయ్యలేదు."

ఆమె బల్ల మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. ఏమో, వాడు చెప్పేదే నిజమేమో. మనసు పోతూ ఉంటే ఆ పోయేది కనిపెట్టడానికి కూడా మనసే కదా ఉండాలి. ఆ ఆలోచన ఒకసారి తలలో దూరాక, దాన్ని తర్కంతో బయటికి తరమడం అయ్యేపని కాదు.

కుట్లు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ముగ్గురూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. చిన్నపిల్ల, కళ్ల కింద నిద్రలేమి. కాలు చూసి, నడిపించి, తర్వాత పటాలావిడతో తీరిగ్గా మాట్లాడింది. కొన్ని మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది, వెనక నుంచి లెక్కపెట్టమంది, గడియారం బొమ్మ గియ్యమంది. పటాలావిడ గడియారానికి చుట్టూ చట్రం కూడా గీసింది.

"ఇది అడగలేదు కదమ్మా నేను," అంది డాక్టరమ్మ.

"చట్రం లేకుండా ఇవ్వడం అలవాటు లేదు తల్లీ."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. కొడుకు మాత్రం ముందుకి వంగి, "డిమెన్షియాకి మందులు ఎప్పటినుంచి మొదలుపెట్టాలి మేడమ్?" అన్నాడు.

"డిమెన్షియా అని ఎవరు చెప్పారండీ?"

అతను పక్క మంచం ఆవిడ పేరు చెప్పలేక నీళ్లు నమిలాడు.

"చూడండి, నేను చెప్పింది డెలీరియం. రెండిట్లోనూ మనిషి తికమకగా మాట్లాడతారు, అందుకే కలిపేస్తారు. డిమెన్షియా ఏళ్లు తీసుకుని, ఎప్పుడొచ్చిందో తెలీకుండా వస్తుంది. వచ్చింది మళ్లీ పోదు. మీ అమ్మగారికి అలా కాదు. ఆపరేషన్, మత్తుమందు, మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం, నిద్ర లేదు, కళ్లద్దాలు కూడా లేవు. మెదడు మీద అన్నీ ఒక్కసారే పడ్డాయి. నిన్న లేనిది ఇవాళ వచ్చింది, పూట పూటకీ మారింది, ఇన్ఫెక్షన్ తగ్గాక అదీ తగ్గింది. అందరికీ ఇంత తొందరగా తగ్గదు, ఈవిడకి తగ్గింది."

"మొన్న గాజు కొయ్యబోతే చెయ్యి ఆగిపోయింది," అంది పటాలావిడ. దాచుకోవాలనిపించలేదు. "గీత మీద గీత గీశాను. ఎప్పుడూ చెయ్యని పని."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఇద్దరూ నిలబడి చూశారు."

"అలా చూస్తే నాకు సూది గుచ్చడం కూడా చేతకాదమ్మా."

"అంటే మళ్లీ రాదని గ్యారంటీయా మేడమ్?" అన్నాడు కొడుకు.

"గ్యారంటీ ఇవ్వను. ఒకసారి డెలీరియం వచ్చినవాళ్లని కొంచెం కనిపెట్టి ఉండాలి. కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తాను. రేపటి సంగతి నాకు తెలీదు. ఇవాళ మాత్రం ఈవిడ బాగున్నారు. ఇవాళ్టి మనిషితో ఇవాళ్టిలాగే మాట్లాడండి."

ఇంతసేపూ గోడ వైపు చూస్తున్న కోడలు అప్పుడు నోరు విప్పింది. "మరి అప్పుడన్న మాటలు... అవి ఆవిడ అన్నవేనా?"



"నోరు ఆవిడదే," అంది డాక్టరమ్మ. "ఆ నోటిని ఆపే మనిషి అప్పుడు లోపల లేరు. కలలో ఎవరినో కొడితే, లేచాక నిలదీస్తామా?"

కోడలు తల ఊపింది. కానీ కొంగు కొసని వేలికి బిగించి బిగించి చుట్టుకుంటోంది. అత్తగారి బుర్ర బాగుందని డాక్టరు చెబితే కోడలి మొహం తేటపడుతుందని పటాలావిడ ఎదురుచూసింది. ఆ మొహం ముడుచుకుపోయింది.

తిరిగి వస్తుంటే బస్సు కిటికీ పక్కన కూర్చుని దాని గురించే ఆలోచించింది. కొడుకు "గ్యారంటీ ఇవ్వలేదుగా" అని రెండుసార్లు అన్నాడు. వాడిది భయం, అది అర్థమవుతుంది. కోడలిది భయం కాదు. మెల్లగా, బస్సు ఆగి ఆగి వెళుతుంటే, అది తెలిసింది. జబ్బు అయితే ఆ మాట జబ్బుది. వార్డంతా విన్న ఆ ఒక్క మాటని జబ్బు మీదికి నెట్టేసి ఈ పిల్ల ఇన్నాళ్లూ అన్నం తింటోంది, తనకి తల దువ్వుతోంది. అత్తగారికి మతి బాగానే ఉందంటే, మరి ఆ మాట ఎవరిది?

నిజంగా, ఎవరిది? కోడలు ఏదో తీస్తుందని తనెప్పుడూ అనుకోలేదు. బీరువా తాళాలు కూడా దాని దగ్గరే ఉంటాయి. కానీ కట్టరు? నడుము సంచీలో పెట్టుకుని, నిద్రపోయేటప్పుడు తలగడ కింద పెట్టుకుని, ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ పిల్ల చేతికిచ్చిందా? చట్రం కొయ్యమంది, మేకులు కొట్టమంది, అట్టలు అతికించమంది. గాజు దగ్గరికొచ్చేసరికి "నువ్వు జరుగు" అంది. డాక్టరమ్మ చెప్పింది అబద్ధం కాదు, ఆపే మనిషి లోపల లేరు. కానీ లేనిపోని మాటల్లో ఈ మాటే ఎందుకు దొరికింది నోటికి?

బస్సు దిగేటప్పుడు కోడలు చెయ్యందించింది. పటాలావిడ ఆ చేతిని అవసరమైనదానికంటే గట్టిగా పట్టుకుంది. ఏం చెప్పాలో తెలియక, "మెట్టు ఎత్తుగా ఉంది," అంది.

రెండు రోజుల తర్వాత ఒకాయన పాత పటం ఒకటి చంకలో పెట్టుకుని కొట్టుకొచ్చాడు. గోడకి చెమ్మ పట్టి, పటం అద్దం లోపలంతా ఆవిరి కమ్మేసింది. మధ్యలో మనిషి ఉన్నట్టు నీడ మాత్రం తెలుస్తోంది.

"మా అక్క ఫోటో. ఇక పోయినట్టే," అన్నాడాయన. "బొమ్మ తీసి పారేసి, చట్రం పనికొస్తే ఇంకోటి పెట్టివ్వండి."

ఆయన వెళ్లాక కోడలు పటాన్ని బోర్లించి, వెనక కాగితం చీల్చి, తుప్పు మేకులు ఒక్కొక్కటే పటకారుతో పీకింది. అట్ట తడిసి ముద్దయింది. దాన్ని జాగ్రత్తగా వేరుచేసి, ఫోటో బయటికి తీసింది. బొమ్మ చుట్టూ ఎవరో పని తెలిసినవాళ్లే మందపాటి అట్ట హద్దు పెట్టి ఉండడంతో కాగితం అద్దానికి అంటుకోలేదు. కిటికీ దగ్గర ఆరబెట్టారు. కొంచెంసేపటికి అందులోంచి ఒక అమ్మాయి చక్కగా, కళ్లలో కొంటెతనం కూడా చెక్కుచెదరకుండా, వాళ్లిద్దరినీ చూసింది. అంచున ఒక గోధుమరంగు మరక తప్ప ఏమీ కాలేదు.

కోడలు ఆ ఫోటోని పట్టుకుని అలాగే నిలబడింది. పొద్దున్న ఆవిరి వెనక కనిపించిన నీడని, చేతిలో ఉన్న ఈ మొహాన్ని మనసులో పక్కపక్కన పెట్టుకుంటున్నట్టుంది. ఎండలో వెలిసిపోయిన బొమ్మలు కూడా ఈ బల్ల మీదికి చాలా వచ్చాయి. వాటికి రంగు తిరిగి తేలేకపోయింది. నీడలో పెట్టుకోండని చెప్పి పంపేది. ఆ రెంటికీ తేడా కోడలికి ఈ బల్ల దగ్గరే తెలిసింది, ఎవరూ పేర్లు పెట్టి చెప్పకుండానే.

"అద్దం మాత్రం పోయింది," అంది కోడలు చివరికి. "తెల్ల మచ్చలు తుడిచినా పోవడం లేదు. కొత్తది కొయ్యాలి."

"కొయ్యాలి మరి."

కోడలు లోపలికి వెళ్లింది. పాతబట్టల పెట్టె మూత తెరిచిన చప్పుడైంది. వచ్చి కట్టరుని బల్ల మీద, అత్తగారి ముందు పెట్టింది. మొగుడిని అడగలేదు. పక్కన నిలబడి చూడకుండా, అటు తిరిగి చట్రం దుమ్ము దులుపుకోసాగింది.

పటాలావిడ కట్టరుని తీసుకుంది. చక్రాన్ని బొటనవేలితో తిప్పి చూసి, కిరసనాయిల్లో ముంచి, గుడ్డకి అద్దింది. తర్వాత దాన్ని తిప్పి, పిడి అవతలికి వచ్చేట్టు పట్టుకుని చాపింది.

"ఇటు రా. నువ్వు కొయ్యి."

"నాకు రాదు."

"ఇన్నేళ్లు చూశావుగా."

"చూడనిచ్చారు!" కోడలు గిరుక్కున తిరిగింది. చేతిలో దుమ్ము గుడ్డ. "ముట్టుకోనిచ్చారా ఎప్పుడైనా? జరుగు, జరుగు అని పురుగుని తోసినట్టు తోసేవారు. ఆస్పత్రిలో మీరు పడుంటే, తీసుకున్న పనులకి అద్దాల కొట్లవాళ్ల కాళ్లావేళ్లా పడి కోయించుకొచ్చాను. ఇప్పుడు హఠాత్తుగా కొయ్యమంటే? అయినా దొంగ చేతికి ఇస్తున్నారేం మరి?"

ఆ మాట బల్ల మీద పడింది. కోడలు కళ్లు తిప్పుకోలేదు. అత్తయ్యా అనలేదు, అలాగే అనలేదు. ఎన్నో రోజుల తర్వాత ఈ ఇంట్లో ఎవరో తనని నిలబెట్టి అడుగుతున్నారు. పటాలావిడకి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటితోపాటే, ఎందుకో, నవ్వు కూడా వచ్చింది.

"దొంగవైతే ఇన్నేళ్లు ఆగేదానివా? ఎప్పుడో ఎత్తుకుపోయి నేర్చేసుకునేదానివి. చేతకాని దొంగని తెచ్చుకున్నాను నా కొంపకి."

కోడలు దుమ్ము గుడ్డతోనే మొహం తుడుచుకుంది. చెంప మీద నల్లటి చార పడింది.

"మొహం తర్వాత కడుక్కోవచ్చు. రా."

వీధిలోంచి కొడుకు గొంతు వినిపించింది. పక్కన ఇంకొకతను. "ఇదేనండీ గది, వెడల్పు బాగానే ఉంటుంది..." అంటూ గుమ్మం దాకా వచ్చి, బల్ల మీద పరిచిన గాజునీ, భార్య చేతిలోని కట్టరునీ చూసి ఆగిపోయాడు.

"ఏమిటిది?"

కోడలు తలెత్తలేదు. "పని నడుస్తోందని చెప్పండి ఆయనకి. గది ఖాళీ లేదు."

"డాక్టరు గ్యారంటీ..."

"నాకిచ్చిందా గ్యారంటీ? మీకిచ్చిందా? వెలుగుకి అడ్డం లేవండి ముందు."

అతను తల్లి వైపు చూశాడు. ఇవాళ ఏ వారమని అడిగేవాడిలా కాకుండా, చిన్నప్పుడు అద్దం పగలగొట్టి నిలబడ్డట్టు చూశాడు. మెల్లగా పక్కకి జరిగాడు. గుమ్మంలోంచి వెలుతురు బల్ల మీద పడింది.

కోడలు గాజు అంచున కట్టరు ఆనించింది. చెయ్యి వణుకుతోంది.

"ఏం, చలా?" అంది పటాలావిడ.

"మీరు ఊరుకుంటే వణకదు."

"గీత ఒక్కసారే. మధ్యలో ఆగకు. తప్పు పోతే ఇంకో గాజుంది."

"తెలుసండీ. స్కేలు కదులుతోంది, అది చూసుకోండి మీరు."

నిజమే, కదులుతోంది. పటాలావిడ ఊతచట్రాన్ని పక్కకి నెట్టి, మంచి కాలి మీద బరువు వేసి వంగింది. రెండు అరచేతులూ స్కేలు మీద ఆనించి, కదలకుండా పట్టుకుంది.